సైకిల్ స్టాండు షేర్లు

కాశిబుగ్గ, వరంగల్
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన ప్రమీలకు,

ఆ మస్కట్ ఎండల్లో ప్రభువు కృప నీకు నీడగా ఉండాలని కోరుకుంటూ రాస్తున్నది. ఇక్కడ నేనూ షారోనూ క్షేమం. అక్కడ నువ్వూ, నువ్వు చూసుకుంటున్న ముసలి మేడమూ క్షేమమని తలుస్తాను. క్షేమం అన్న మాట అలవాటు కొద్దీ రాశాను. ఉత్తరం చివరిదాకా చదివాక ఆ మాట ఉంచుతావో కొట్టేస్తావో నీ ఇష్టం.

అక్కణ్ణుంచి సెలవుకు వచ్చిన వినోద మొన్న నువ్వు పంపిన సంచి తెచ్చి ఇచ్చింది. ఖర్జూరాలు, షారోన్‌కు గడియారం, నా దగ్గుకు ఛాతీ మీద రాసుకునే మందు, అన్నిటికీ అడుగున నీ నాలుగు పేజీల ఉత్తరం. మంగళవారం ఆమె తిరుగు ప్రయాణం. ఆమె చేతనే ఈ కవరూ, రెండు కిలోల కారప్పొడీ పంపుతున్నాను. కారం ఈసారి మంచి ఘాటుగా ఉంది. ఎక్కడ కొన్నావని అడుగుతావు. అదీ రాస్తాను.

'ఫోన్ల అడిగితె అన్నీ మంచిగనే ఉన్నయంటవు. కాయితం మీద రాయి, అప్పుడు నమ్ముత' అని రాశావు. నిజమే. ఫోనులో నీ ముఖం కనిపించగానే నాకు అబద్ధం గబుక్కున వచ్చేస్తుంది. కాగితం దగ్గర అంత తొందరగా రావడం లేదు. పొద్దున చర్చి నుంచి వచ్చి కూర్చున్నవాణ్ణి, ఇప్పటికి మూడు కాగితాలు చించాను.

నువ్వు చాలా అడిగావు. దగ్గు తగ్గిందా అన్నావు. శుక్రవారం సినిమా నాకెందుకు మధ్యలో ఆగిపోతోంది అన్నావు. షారోన్ ఫోనులో ఊ అని, ఆ అని ఎందుకు పెట్టేస్తోంది అన్నావు. అన్నిటికంటే పెద్దది చివర అడిగావు. నెలాఖరుకు మేడం ఇంకో రెండేళ్ళ కాగితం ముందు పెడుతుంది, సంతకం పెట్టాలా, వచ్చేయాలా. మామునూరు ప్లాటులో పునాది లేచింది కదా, నేను వచ్చేసరికి రెండు గదులైనా నిలబడతాయా అని. అన్నిటికీ జవాబు రాస్తాను. నువ్వడిగిన వరసలో కాదు, నాకు ధైర్యం ఉన్న వరసలో.

ముందు నువ్వు అడగని సంగతి. మన టాకీసును పూర్తిగా పడగొట్టారు. అక్కడ ఫంక్షన్ హాలు కడుతున్నారు. పడగొట్టే రోజు చూడబోయాను. తెర వైపు గోడ ఎప్పుడో పోయింది. నా కేబిన్ గోడ మాత్రం చివరిదాకా నిలిచింది, ప్రొజెక్టర్ వెలుగు పోయే బొక్క, పక్కన నేను చూసే చిన్న బొక్క, రెండూ రెండు కళ్ళలా. సేటు కొడుకు నన్ను గుర్తుపట్టి, "దావీదన్నా, గుర్తుకు ఏమన్న తీస్కపోతవా" అని తుప్పు పట్టిన రీలు డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్ళ నౌకరీకి అదీ సన్మానం. ఇప్పుడు దాంట్లో ఉల్లిగడ్డలు పోసుకుంటున్నాం.

ఆ చిన్న బొక్క సంగతి నీకు తెలుసు. పెళ్ళైన కొత్తలో నిన్ను కేబిన్‌లోకి తీసుకుపోయి చూపించాను. దాంట్లోంచి ఒక్కసారి హాలు చూస్తే బాల్కనీ ఎంత, ఫస్ట్ క్లాసు ఎంత, నేల టికెట్టు ఎంత, నోటితో చెప్పేవాణ్ణి. బుకింగ్‌లో లెక్క తేలాక మేనేజరు చూస్తే పది తలలు కూడా తేడా వచ్చేది కాదు. నా జీవితంలో నాకు గర్వం అంటూ ఉంటే అదొక్కటే. నన్ను ముంచింది కూడా అదే.

టాకీసు ఎందుకు మూతపడిందో వేరే చెప్పాలా. కరోనా ఒక తన్ను తన్నింది, ఆ తర్వాత ఫోన్లు తన్నాయి. సినిమా విడుదలైన నెలకే ఫోనులోకి వచ్చేస్తుంటే మూత్రం వాసన కొట్టే మన హాలుకు ఎవడొస్తాడు. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. నా కూడు తీసేసినవాళ్ళ దగ్గరే నా కూడు రాబట్టాలని పంతం పట్టింది. ఆ పంతాన్ని నేను తెలివి అనుకున్నాను.

సైకిల్ స్టాండు వెంకట్రాజం గుర్తున్నాడు కదా. నేను టాకీసులో ఉన్న ముప్పై ఏళ్ళలో సినిమాలు తీసినవాళ్ళు మునిగారు, పంచినవాళ్ళు మునిగారు, చివరికి సేటు మునిగాడు. సైకిల్ స్టాండు వెంకట్రాజం మాత్రం మూడంతస్తులు కట్టాడు. బొమ్మ హిట్టయినా ఫట్టయినా బండి పెట్టినవాడు అతనికి డబ్బులివ్వాల్సిందే. కిందటి మేడారం జాతరకు ముందు జాతరలో అతను ఒక పార్కింగు పట్టి నన్ను పనికి పిలిచాడు. నీకు చెప్పే పోయాను, 'మనం ఏసును నమ్మినోళ్ళం, జాతరల నీకేం పని' అని నువ్వు తిట్టావు కూడా. బండ్లు చూసుకునే పనే కదా అన్నాను. అక్కడ నేను చూసింది మాత్రం నీకు చెప్పలేదు.

నాలుగు రోజులు అక్కడ ఉన్నాను. ట్రాక్టర్ కింద పడుకున్నవాడు సినిమా చూస్తున్నాడు. కోడి కోసి పొయ్యి మీద పెట్టినావిడ ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో సినిమా పట్టుకుంది. నాకు కళ్ళు ఊరుకుంటాయా. లెక్కపెట్టాను. పదిమందిలో ఆరుగురు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో లెక్కపెట్టాను, ఏడుగురు. మన వాడలో టిఫిన్ సెంటరు, ఆటో స్టాండు, చర్చి యూత్ పిల్లలు, ఎవరిని చూసినా అంతే. ఇంత జనం నా బొక్కలోంచి ఏ పెద్ద పండక్కీ చూడలేదు ప్రమీలా. దేశమంతా హౌస్‌ఫుల్ అనుకున్నాను.

అప్పుడే మీ తమ్ముడు జోయెల్ వచ్చాడు. వాడు ఫోనులో షేర్లు కొంటాడు, అమ్ముతాడు, నీకు తెలిసిందే. నేను నా లెక్క చెప్పాను. వాడు ఎగిరి కూర్చున్నాడు.

"బావా, సినిమా తీసెటోని షేర్లు కొనకు. యాప్ పెట్టెటోనియి సుత కొనకు. ఆ సినిమాను ఫోన్లదాక మోసే కంపెనీలు ఉంటయి. మిషిన్లు వాళ్ళయే, లైన్లు వాళ్ళయే. ఎవని బొమ్మ ఆడినా వాళ్ళకు కిరాయి కట్టాలె."

"అంటే సైకిల్ స్టాండు" అన్నాను.

"మస్తు చెప్పినవ్ బావా. అదే సైకిల్ స్టాండు" అన్నాడు.

నీ తమ్ముడి మీద తప్పు తోసి పక్కకు తప్పుకోవాలని లేదు. వాడు అగ్గిపుల్ల గీశాడు, అంతే. గడ్డి నాది. ఆ కంపెనీ పేరు ఇంగ్లీషులో ఉంది, రాయడానికి చెయ్యి రావడం లేదు. షేరు రెండువందల పద్నాలుగు ఉన్నప్పుడు మొదటిసారి కొన్నాను. రెండు నెలలు బాగా లేచింది. రోజూ పొద్దున టీ తాగుతూ ఫోనులో ఆకుపచ్చ అంకె చూసుకుని, మీసం లేదుగానీ ఉంటే తిప్పేవాణ్ణి. తర్వాత దిగడం మొదలైంది. నూట అరవైకి వచ్చింది. నేను భయపడలేదు, నవ్వుకున్నాను. శుక్రవారం డల్లుగా ఉన్న బొమ్మలు ఆదివారం ఫ్యామిలీలు రాగానే లేవడం ఎన్ని చూడలేదు. మళ్ళీ కొన్నాను. తొంభై ఐదుకు వచ్చినప్పుడు మూడోసారి కొన్నాను. సినిమాకు ఆదివారం ఉంటుంది. షేరుకు ఉండాలని ఎక్కడా రాసి లేదట, ఇది నాకు తర్వాత తెలిసింది.

పోయిన వర్షాకాలంలో, ఆ కంపెనీ ఎవరి సినిమాలు మోస్తోందో ఆ పెద్ద యాప్‌లలో ఒకటి మూతపడింది. కంపెనీకి కట్టాల్సిన కిరాయి ఎగ్గొట్టి మరీ మూసుకుంది. చూసేవాళ్ళు కోట్లమంది ఉన్నారట, డబ్బు కట్టి చూసేవాళ్ళు లేరట. ఇంకో యాప్ వాళ్ళు సొంతంగానే మిషన్లు పెట్టుకున్నారు. షేరు నాలుగు రూపాయలకు వచ్చింది. జోయెల్ దగ్గరికి పరుగెత్తాను. వాడు కొత్త బండి తుడుచుకుంటున్నాడు. తనవి రెండువందల ముప్పై దగ్గరే అమ్మేశాడట.

"నాకెందుకు చెప్పలేదురా" అన్నాను.

"నువ్వు అడగలే కద బావా" అన్నాడు.

ఆ రోజు నుంచి వాడి ఇంటి గుమ్మం తొక్కలేదు. ఆదివారం చర్చిలో పక్కన కూర్చుని పాట పాడతాడు, నేనూ పాడతాను. దేవుడు మా ఇద్దరి గొంతులు విని ఏమనుకుంటున్నాడో నాకు తెలియదు.

ఇంత డబ్బు నీకెక్కడిది అని ఈపాటికి అడుగుతూ ఉంటావు. రాస్తున్నాను.

మామునూరు ప్లాటు లేదు ప్రమీలా. నువ్వు రెండేళ్ళ కిందట సెలవుకు వచ్చి, ఇక్కడ వంటగది, ఇక్కడ తులసి బదులు కరివేపాకు చెట్టు అని కాలితో గీతలు గీసిపోయావే, ఆ తర్వాత మూడు నెలలకే అమ్మాను. నీ నాలుగేళ్ళ జీతం అది. 'నీ పేరు మీదనే పెట్టు, మొగోని పేరుంటె నలుగుట్ల మర్యాద' అని నువ్వే అన్నావు. నీ సంతకంతో పనే పడలేదు. క్రిస్మస్‌కు పునాది తీశామని చెప్పాను చూడు, అది అబద్ధం. పునాదికని నువ్వు అంతకు ముందెప్పుడో పంపిన డబ్బే మూడోసారి కొన్న షేర్లు. నేను అమ్మిన ఏడాదికి ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాటతో అక్కడ రేట్లు రెండింతలయ్యాయి. కొన్నాయన మొన్న చర్చి దగ్గర కలిసి, "మీ చెయ్యి మంచిదన్నా" అన్నాడు.

షారోన్ ఎందుకు మాట్లాడటం లేదో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. నీ పుట్టినరోజుకు పునాది మీద నిలబడి ఫోటో దిగి నీకు పంపాలని కాలేజీ నుంచి నేరుగా మామునూరు పోయింది. తిరిగొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడింది.

"డాడీ, మన జాగల ఎవరిదో కంపౌండు గోడ ఉన్నది. లోపల కుక్క ఉన్నది. నన్ను చూసి మొరుగుతాంది" అంది.

నేను ఏదో చెప్పబోయాను. అది వినలేదు.

"మమ్మీకి నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా? వినోదత్త వచ్చి పొయ్యేలోపట చెప్పకపోతె నేనే చెప్త" అంది.

దాని గొంతు అచ్చం నీ గొంతులా ఉంది. అప్పటి నుంచి నాకు అన్నం పెడుతుంది, కంచం తీస్తుంది, మాట్లాడదు. నీతో మాట్లాడితే నోరు జారుతుందని నీతోనూ మాట్లాడటం లేదు. తప్పు నాది, మూగనోము దానిది.

దగ్గు మాట. నా ఒంటికి దుమ్ము పడటం లేదని డాక్టరు అన్నాడని చెప్పాను, సగం నిజం. పోయిన మిర్చి సీజన్ నుంచి నేను ఎనుమాముల మార్కెట్ యార్డులో పనికి పోతున్నాను. రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో మిర్చి బస్తాల మీద మార్కా వేసే పని. పొద్దున ఐదింటికి పోతే మధ్యాహ్నానికి కళ్ళు మండిపోతాయి. నువ్వు పంపిన మందు రాసుకుంటాను గానీ దానికీ దీనికీ పొత్తు కుదరదు. కారప్పొడి ఎక్కడిదో కూడా తెలిసింది కదా. యార్డులో కింద రాలిన కాయ కాదులే, డబ్బిచ్చి కొన్నదే.

ఆ యార్డు గేటు దగ్గర బండ్ల స్టాండు ఇప్పుడు వెంకట్రాజానిదే. ఆ మనిషి ఎక్కడికి పోయినా స్టాండు అతని వెంట వస్తుంది. పోయిన వారం టీ తాగించి, ఎందుకిట్లా అయ్యావని అడిగాడు. మొత్తం చెప్పాను. సైకిల్ స్టాండు లాంటి కంపెనీ అనుకుని కొన్నానని కూడా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"దావీదూ, ఒక్క స్కూటర్ మీద నలుగురొచ్చిండ్రనుకో. నాకు ఎన్ని టోకెన్లు?"

"ఒకటి" అన్నాను.

"నేను ఎన్నడన్న మనుషులను లెక్కపెట్టిన్నా? బండ్లనే లెక్కపెట్టిన. నువ్వు పైన బొక్కల కెళ్ళి తలకాయలు లెక్కపెట్టెటోనివి. టాకీసుల తలకాయకో టికెట్టు ఉండె గనుక నడిచింది. ఫోన్ల సినిమా చూసెటోళ్ళను లెక్కపెట్టినవు గని, వాళ్ళు ఎవని బండెక్కి వచ్చిండ్రో చూసినవా?"

టీ చల్లారిపోయింది. నేను లేచి ఇంటికి వచ్చి షారోన్ ఫోను అడిగి తీసుకున్నాను. నువ్వు ఆ మస్కట్‌లో కూర్చుని, శుక్రవారం నీకు మూడింటికి, మాకు నాలుగున్నరకు, ముగ్గురం ఒకే సినిమా ఒకేసారి చూద్దామని మూడేళ్ళ కిందట తీసుకున్న యాప్ ఉంది కదా. నీ జీతంలోంచి నెలనెలా డబ్బు కట్ అవుతోందే, అది. దాంట్లో ఎవరెవరు చూస్తున్నారో లిస్టు వస్తుందని షారోన్ చూపించింది. ఇరవై రెండు ఫోన్లు. ఆటో స్టాండు, టిఫిన్ సెంటరు, యూత్ పిల్లలు, జోయెల్ దోస్తులు, మరిపెడలో మీ పెద్దమ్మ మనవలు. పాస్‌వర్డ్ జోయెల్ అడిగితే నేనే ఇచ్చాను, వాడు ఊరందరికీ పంచాడు. ఒకేసారి నలుగురి కంటే ఎక్కువ చూడనివ్వదట. శుక్రవారం నీకు సినిమా ఎందుకు ఆగిపోతోందో అదీ సంగతి. నెట్‌వర్క్ బాగాలేదని నేను చెప్పింది నమ్మి నువ్వు పోయిన నెల ఫోను కూడా మార్చావు.

మన వాడలో నేను లెక్కపెట్టిన హౌస్‌ఫుల్ అదే ప్రమీలా. వాళ్ళందరూ వచ్చింది ఒక్క బండి మీద. ఆ బండి నీది. డబ్బు కట్టిన నువ్వు గేటు బయట నిలబడ్డావు.

ఇక సంతకం సంగతి. పెట్టమని అడిగే ముఖం నాకు లేదు. వచ్చేయమనడానికి ఇల్లు లేదు. ఆ మాటలు రెండూ నేను రాయను. మిగిలిన షేర్లు నిన్నగాక మొన్న అమ్మేశాను, ముప్పై ఏడు వేలు వచ్చాయి. షారోన్ ఖాతాలో వేశాను. రావాలనుకుంటే విమానం ఛార్జీలకు సరిపోతాయి. నన్ను తిట్టడానికి రావాలన్నా ఆ ఛార్జీలూ నీ డబ్బే. వస్తే కాశిబుగ్గలో ఈ కిరాయి గది ఉంది, నా యార్డు కూలి ఉంది, అంతకు మించి ఉందని ఈసారి చెప్పను. సంతకం పెడితే మాత్రం, ఇక నుంచి నా పేరు మీద ఒక్క రూపాయి పంపకు. షారోన్ ఖాతా నంబరు ఈ కాగితం వెనక దాని చేతే రాయించాను. రాస్తున్నప్పుడు అది మొదటిసారి ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను, తల మీద చెయ్యి వేయనివ్వలేదు.

నిన్న అది పాస్‌వర్డ్ మార్చేసింది. జోయెల్‌కు తెలియదు, ఆటో స్టాండుకు తెలియదు. నీకు వినోద చేత వేరే చీటీలో పంపుతోంది. నాకూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వాడలో ఇద్దరు ముగ్గురు గుమ్మం దాకా వచ్చి, "ఏమైంది దావీదన్నా, బొమ్మ వస్తలేదు" అని అడిగి పోయారు. మన టాకీసు మూసినప్పుడు ఒక్కడు కూడా వచ్చి అడగలేదు. ఈ శుక్రవారం నువ్వు మూడింటికి సినిమా పెట్టుకో, మధ్యలో ఆగదు. మేం చూడం. అయిపోయాక షారోన్‌కు ఫోను చెయ్యి, ఈసారి ఊ, ఆ అని పెట్టేయదు. నాతో మాట్లాడాలనిపిస్తే ఇమ్మని అడుగు. అనిపించకపోతే అడగకు.

ముప్పై ఏళ్ళు కేబిన్ బొక్కలోంచి జనాన్ని లెక్కపెట్టాను. మేడారంలో లెక్కపెట్టాను, బస్సుల్లో లెక్కపెట్టాను, వాడ వాడంతా లెక్కపెట్టాను. అంతమందిలో టికెట్టు కొన్నది నువ్వొక్కదానివే. నిన్నొక్కదాన్నే లెక్కపెట్టలేదు.

ఇట్లు,
షారోన్ వాళ్ళ డాడీ,
దావీదు